పాత ఫొటోలో ఆ చేతిలో ఏముంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి: గోడ మీది పాత ఫొటోలో పెద్దవాళ్ళ చేతిలో ఉన్న పుస్తకానికో, కత్తికో, పువ్వుకో అర్థమేమిటని. ముందు దానికే జవాబు చెబుతాం. ఫొటోలను కాపాడుకోవడం గురించి అడిగినవాళ్ళకు ఆ తర్వాత.

ప్రశ్న: మా తాతగారి నాన్నగారి ఫొటో ఒకటి ఇంట్లో ఉంది. షేర్వానీ, రూమీ టోపీ వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. ఒక లావుపాటి పుస్తకాన్ని మోకాలి మీద నిలబెట్టి కుడిచేత్తో పట్టుకున్నారు. ఆయన పెద్ద పండితుడని, అందుకే పుస్తకంతో ఫొటో తీయించుకున్నారని మా పెదనాన్నగారు చెబుతారు. చదువుకున్నట్టు వేరే ఆధారమేదీ లేదు. ఈ ఫొటోని ఆధారంగా తీసుకోవచ్చా?
(చిక్కడపల్లి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆ పుస్తకం ఒక్కటే చూసి పండితుడని వంశవృక్షంలో రాయకండి. అలాగని కొట్టిపారేయనూ వద్దు. ముందు తేల్చాల్సింది ఆ పుస్తకం ఎవరిదన్నది. మీ ముత్తాతగారిదా, స్టూడియోదా?

ఫొటోగ్రఫీ తొలిరోజుల్లో చేతికి ఏదో ఒకటి ఇవ్వడానికి కారణం ఆ వస్తువుకున్న అర్థం కాదు, అవసరం. 1839లో డాగెరోటైపు, అంటే లోహపు పలక మీద నేరుగా బొమ్మ తీసే పద్ధతి లోకానికి తెలిసినప్పుడు, మంచి ఎండలో కూడా ఒక్క బొమ్మకు కొన్ని నిమిషాలు పట్టేది. 1840లో పెట్జ్‌వాల్ రూపొందించిన లెన్సు, పలక మీద బ్రోమిన్ ఆవిరి పట్టించే పద్ధతి వచ్చాక అది నిమిషం లోపుకు దిగింది. 1851లో ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతి, అంటే గాజు పలకకు రసాయనం పూసి తడి ఆరకముందే బొమ్మ తీసే పద్ధతి, వెల్లడించాక కొన్ని సెకన్లు చాలు. అయినా ఆ కొన్ని సెకన్లూ చేతివేళ్ళు కదలకుండా ఉండవు. తలను వెనక నుంచి ఒక ఇనుప స్టాండుతో ఆపేవాళ్ళు. చేతిని ఆపడానికి బల్ల, చేతికర్ర, పుస్తకం, కత్తిపిడి. ఏదో ఒకదాన్ని పట్టుకున్న చెయ్యి వణకదు.

పుస్తకం, తెర, స్తంభం, పూలకుండీ మాత్రం ఐరోపా తైలవర్ణ చిత్రాల నుంచి స్టూడియోల్లోకి వచ్చాయి. మన దక్కనులో ఇంకో పాత అలవాటు ఉంది. గోల్కొండ కాలపు చిత్తరువుల్లో సుల్తానులు ఒక చేత్తో పువ్వు, ఇంకో చేత్తో కత్తి పట్టుకుని నిలబడతారు. హైదరాబాదు దర్బారు మనుషుల ఫొటోల్లో కత్తి, చేతిరుమాలు, హుక్కా గొట్టం కనిపిస్తే అది స్టూడియోవాడి ఊహే కానక్కర్లేదు. తాతల నాటి చిత్తరువుల్లో ఎలా కూర్చున్నారో అలాగే కూర్చోవాలని వచ్చినవాళ్ళు చాలామంది.

ఇప్పుడు మీ ఫొటో సంగతి. దాన్ని 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల లెక్కన, స్కాన్ చేయించండి. అరచేతిలో పట్టే చిన్న ఫొటో అయితే 2400 పెట్టండి. ఆ రోజుల్లో గాజు పలకను కాగితానికి ఆనించి, అదే సైజులో అచ్చు తీసేవాళ్ళు కాబట్టి కంటికి ఆనని వివరం కూడా అందులో ఉంటుంది. తెర మీద పెద్దది చేసి ముందు వేళ్ళు చూడండి. తనది కాని పుస్తకాన్ని మనిషి పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకుంటాడు, నాలుగు వేళ్ళూ బయటే ఉంటాయి. రోజూ చదివేవాడు చాలాసార్లు తెలియకుండానే చూపుడువేలు పేజీల మధ్యకు దూరుస్తాడు. పుస్తకం మూలలు చూడండి. నలిగి, గుండ్రంగా అరిగి ఉంటే వాడిన పుస్తకం. మూలలు పదునుగా ఉండి, అట్ట మీద బంగారు గీతలు మెరుస్తుంటే స్టూడియో బల్ల మీది పుస్తకం కావచ్చు.

మీరు అడిగిన ఫొటోలో ఇంకో విలువైన ఆధారం ఉండే వీలుంది. పుస్తకం ముందు అట్ట మన వైపు తిరిగి ఉంటే దాని వీపు, అంటే కుట్టిన అంచు, ఏ పక్కన ఉందో చూడండి. తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలకు అది మన ఎడమ పక్క ఉంటుంది. ఉర్దూ, ఫారసీ పుస్తకాలకు కుడి పక్క. నిజాం రాజ్యంలో కచేరీ భాష చాలాకాలం ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ. షేర్వానీ, రూమీ టోపీ వేసుకున్న తెలుగు ఉద్యోగి చేతిలో ఉర్దూ పుస్తకం ఉంటే ఆశ్చర్యం లేదు. కాకపోతే ముందు ఫొటో తిరగబడి అచ్చు అయ్యిందేమో నిర్ధారించుకోండి. షేర్వానీ గుండీల పట్టీ అందుకు పనికొస్తుంది. మగవాళ్ళ బట్టల్లో ఎడమ పక్క గుడ్డ పైకి వస్తుంది. అది సరిగ్గా ఉండి, పుస్తకం వీపు మన కుడి పక్కన ఉంటే, అది ఉర్దూ లేదా ఫారసీ పుస్తకమని, లేదా వెనక అట్ట మన వైపు తిరిగి ఉందని అర్థం. అట్ట మీద అక్షరాలు కనిపిస్తే ఆ సందేహమూ తీరిపోతుంది.

ఆఖరుగా, అన్నిటికన్నా గట్టి పరీక్ష. ఫొటో అట్ట మీద స్టూడియో పేరు ఉంటుంది. అదే స్టూడియో తీసిన వేరే ఫొటోలు బంధువుల ఇళ్ళలోనో, పాత ఆల్బములు అమ్మేవాళ్ళ దగ్గరో వెతకండి. అదే బల్ల, అదే కుండీ, అదే పుస్తకం ఇంకొకరి చేతిలో కనిపిస్తే సందేహం తీరినట్టే. కనిపించకపోతే సందేహం మిగిలే ఉంటుంది కానీ మీ పెదనాన్నగారి మాటకు బలం పెరుగుతుంది. ఒకే ఒక్క ఫొటో చూసి ఇది స్టూడియోది, ఇది సొంతం అని తేల్చేవాళ్ళ మాట నమ్మవద్దని మా సలహా.

చదువుకు రుజువు కావాలంటే వేరే దారి ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం రాకముందు, 1887లో మొదలైన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఆయన పట్టా తీసుకుని ఉంటే ఆ విశ్వవిద్యాలయం రికార్డుల్లో పేరు ఉండాలి. గౌను, చుట్టిన కాగితం పట్టుకున్న ఫొటో కూడా సొంతంగా పట్టాకు రుజువు కాదు. గౌను అద్దెకు దొరుకుతుంది, కాగితం ఏదైనా కావచ్చు.

ప్రశ్న: కత్తి అయితే ఎలా గుర్తుపట్టాలి? మా ఫొటోలో ముత్తాత నిలబెట్టిన కత్తి మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నారు.
(మలక్‌పేట నుంచి)

జవాబు: నడుము చూడండి. కత్తి సొంతమైతే ఎక్కువసార్లు పట్టీ, దానికి వేలాడే తోలు ముక్కలు, ఒరకు ఉండే కడియాలు కలిసి కనిపిస్తాయి. ఒర నుంచి పట్టీకి ఏ సంబంధమూ లేక, కత్తి విడిగా చేతికి అందించినట్టు ఉంటే అనుమానించాలి. ఇంట్లో ఆ కత్తి ఇప్పటికీ ఉంటే పిడి మీద సొట్టలు, ఒర చివరి తొడుగు ఫొటోతో పోల్చండి. జేబు గడియారం విషయంలోనూ అంతే: గొలుసు అంగీ గుండీకి తగిలించి ఉంటే అది ఆయనదే అయ్యే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: మా పాత ఫొటోలో నిలబడి ఉన్న ఆయన కాళ్ళ వెనక ఇనుప స్టాండు పాదం కనిపిస్తోంది. చనిపోయిన మనిషిని స్టాండుకి కట్టి నిలబెట్టి తీశారని ఇంటర్నెట్‌లో చదివాం. నిజమేనా? ఇంట్లో ఆడవాళ్ళు ఆ ఫొటో తీసేయమంటున్నారు.
(సికింద్రాబాద్ నుంచి)

జవాబు: కాదు. ఫొటో నిశ్చింతగా గోడ మీదే ఉంచండి. అది తల ఆపే స్టాండు. బతికున్నవాళ్ళు కదలకుండా ఉండడానికే దాన్ని వాడేవాళ్ళు. మెడ వెనక రెండు చిన్న కొమ్మలు తగిలేలా మరలు బిగిస్తారు, అంతే. ఒక మనిషి బరువును మోసే శక్తి దానికి లేదు. ప్రాణం లేని శరీరాన్ని అలాంటి కడ్డీ నిలబెట్టలేదు.

చనిపోయినవాళ్ళ ఫొటోలు తీయడం మాత్రం నిజమే. అటు ఐరోపాలో, అమెరికాలో పడుకోబెట్టో, ఒళ్ళో పెట్టుకునో తీసేవాళ్ళు. మన ఇళ్ళలో కూడా పూలదండలు వేసి, చుట్టూ కుటుంబం కూర్చుని తీయించిన ఫొటోలు చాలా ఉన్నాయి. వాటిలో దాపరికం ఉండదు, చూడగానే తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్ళ అమ్మ ఫొటోలో తెల్లచీర, నల్లబొట్టు ఉన్నాయి. చేతిలో చిన్న పువ్వు, అదీ నల్లగానే ఉంది. ఆమె భర్త పోయాక తీసిన ఫొటో అని ఒకరు, బొట్టు ఉంది కదా ఎలా అని ఇంకొకరు. ఏది నమ్మాలి?
(అంబర్‌పేట నుంచి)

జవాబు: మీ ఇంటి వాదన తేలకపోవడానికి కారణం ఫొటో పలక. తొలినాటి పలకలు నీలం, ఊదా కాంతిని మాత్రమే పట్టుకునేవి. ఎరుపు, పసుపు వాటికి దాదాపు చీకటితో సమానం. అందుకే కుంకుమబొట్టు నల్లగా పడుతుంది, ఎర్రగులాబీ నల్లగా పడుతుంది, పసుపు రంగు చీర ముదురుగా పడుతుంది. లేత నీలం చీర మాత్రం తెల్లగా వస్తుంది. ఆమె కట్టుకున్నది నీలం చీర కావచ్చు. నల్లబొట్టు ఎర్రకుంకుమ కావచ్చు, నల్లపువ్వు ఎర్రగులాబీ కావచ్చు.

1873లో హెర్మన్ ఫోగెల్ రంగు కలిపి పలకలకు ఆకుపచ్చ కాంతిని కూడా పట్టే గుణం తెప్పించాడు. అన్ని రంగులనూ పట్టే పలకలు 1906లో బజారులోకి వచ్చాయి. అయితే చాలా స్టూడియోలు ఆ తర్వాత కూడా ఎరుపు పట్టని పలకలే వాడాయి. ఎర్రదీపం వెలుగులో పలకను చూస్తూ కడగవచ్చు, అదీ సౌలభ్యం. కాబట్టి 1930ల ఫొటోలో కూడా నల్లబొట్టును నల్లబొట్టని అనుకోకండి.

ఆమె భర్త ఉన్నారో లేదో తేల్చుకోవడానికి రంగులు వదిలేసి వస్తువులు చూడండి: మెడలో మంగళసూత్రం, నల్లపూసలు, చేతినిండా గాజులు, కాళ్ళు కనిపిస్తే మెట్టెలు. మీ బొమ్మలో బొట్టు ఉందంటే, ఆ కాలపు ఆచారం ప్రకారం, భర్త ఉన్నప్పుడు తీసిన ఫొటో అనుకోవడమే సబబు.

అన్నట్టు, బంగారు నగలు ఆ పలకల మీద మెరిసినచోట తెల్లగా, మిగతాచోట ముదురుగా పడేవి. దానితో నగలు మసకగా కనిపించేవి. అందుకే మన స్టూడియోల్లో ఫొటో మీద బంగారు రంగు కుంచెతో దిద్దేవాళ్ళు. మీ ఫొటో మీద నగల దగ్గర రంగు ఉబ్బెత్తుగా తగిలితే అది ఆ పనే. దాన్ని తడిగుడ్డతో తుడవకండి, నీటిరంగు అయితే ఒక్క తుడుపుకే పోతుంది.

ప్రశ్న: ఫొటోలో మా తాత ఎడమచేత్తో కలం పట్టుకున్నారు. ఆయనది కుడిచేతివాటం అని అందరూ అంటారు.
(కాచిగూడ నుంచి)

జవాబు: గుండీలు చూడండి, జేబు చూడండి, ఏవైనా అక్షరాలుంటే అద్దంలో చూడండి. లోహపు పలక మీద నేరుగా తీసిన బొమ్మలు దాదాపు అన్నీ, అంటే డాగెరోటైపు, ఇనుప రేకు మీది టిన్‌టైపు, కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. అయస్కాంతం దగ్గరకు తెస్తే టిన్‌టైపు లాగుతుంది. కాగితం ఫొటో అయితే గాజు నెగెటివ్‌ను తిప్పి అచ్చు వేసినప్పుడు తారుమారవుతుంది. గుండీలూ తారుమారుగా ఉంటే మీ తాతగారు కుడిచేతివాటమే.

ప్రశ్న: అట్టకు అంటించిన చిన్న ఫొటోలు నాలుగు దొరికాయి. తేదీ లేదు. ఎప్పటివో చెప్పే మార్గం ఉందా?
(బర్కత్‌పురా నుంచి)

జవాబు: అట్ట కొలవండి. సుమారు 64 × 100 మిల్లీమీటర్లుంటే అది కార్ట్-ద-విజిట్, అంటే విజిటింగ్ కార్డు సైజు ఫొటో. ప్యారిస్‌లో దిస్దెరీ 1854లో పేటెంటు తీసుకున్న సైజు అది. 108 × 165 ఉంటే క్యాబినెట్ కార్డు, 1866 నుంచి వాడుకలోకి వచ్చింది. భూతద్దంలో కాగితపు నారలు కనిపించి, తెల్లగా ఉండాల్సినచోట పసుపు తిరిగి ఉంటే గుడ్డుసొన పూసిన ఆల్బుమెన్ కాగితం. నారలు కనపడకుండా నున్నగా ఉండి, నల్లని అంచుల్లో నీలివెండి పొర తేలితే జెలటిన్ కాగితం, అంటే 1880ల తర్వాతది అనుకోవచ్చు.

ఒక జాగ్రత్త. స్టూడియోలు పాత నెగెటివ్‌ల నుంచి ఏళ్ళ తర్వాత కూడా కొత్త అచ్చులు తీసి ఇచ్చేవి. అట్ట తేదీ వేరు, మనిషి కూర్చున్న తేదీ వేరు కావచ్చు.

ప్రశ్న: 1950 ప్రాంతంలో తీసిన మా నానమ్మ, తాతల పెళ్ళి ఫొటో ఫ్రేములోని గాజుకు అతుక్కుపోయింది. పూజగదిలో ఉండేది. తీయబోతే మూల దగ్గర కాస్త ఊడివచ్చింది. ఏం చేయాలి?
(నల్లకుంట నుంచి)

జవాబు: మొదట, ఆపేయండి. ఇంకొక్క మిల్లీమీటరు కూడా లాగకండి. నీళ్ళలో నానబెట్టడం, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి గాలి కొట్టడం, కిందకు బ్లేడు దూర్చడం, ఈ మూడూ ఎవరు చెప్పినా చేయవద్దు. బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. తేమ తగిలితే అది మెత్తబడి గాజును పట్టుకుంటుంది, ఆరితే జిగురులా బిగుస్తుంది. లాగితే కాగితం మీ చేతికి వస్తుంది, ముఖాలు గాజు మీద ఉండిపోతాయి. నీళ్ళు పోస్తే ఒక్కోసారి విడుస్తుంది, ఒక్కోసారి బొమ్మ మొత్తం జారిపోతుంది. చేతిరంగులు వేసిన ఫొటో అయితే రంగులు పోయే ప్రమాదమూ ఉంది.

గాజుతోనే ఉంచి ఇలా చేయండి. ఫ్రేమును మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టి, వెనక మేకులు కటింగ్ ప్లయరుతో ఒక్కొక్కటే లాగండి. వెనక చెక్కముక్క, అట్ట తీసేయండి. ఆ అట్ట గోధుమరంగు తిరిగి ఉంటే అందులోని ఆమ్లం ఫొటోకి ఎక్కుతున్నట్టే. అట్ట ఫొటోకి కూడా అతుక్కుని ఉంటే ముట్టుకోకండి. గాజు పగిలి ఉంటే బయటి పక్క మాత్రమే టేపు వేసి, ముక్కలు కదలకుండా ఆపండి. గాజు బయటి పక్కను పొడి మెత్తగుడ్డతో తుడవండి. గాజుక్లీనర్ కొట్టకండి, అంచు నుంచి లోపలికి దిగుతుంది.

తర్వాత గాజు మీది నుంచే ఫొటో తీయండి. కెమెరాను స్టాండుకి బిగించి నిటారుగా కిందకు చూసేలా పెట్టండి. రెండు పక్కల నుంచి ఒకేరకం దీపాలు రెండు, 45 డిగ్రీల వాలులో. గాజులో కెమెరా నీడ పడకుండా నల్లగుడ్డకు లెన్సు పట్టేంత కన్నం చేసి ముందు కట్టండి. ఫ్యాను ఆపండి, టైమరు పెట్టి తీయండి. తడి పట్టిన మచ్చల చోట మెరుపు తప్పదు. ఆ భాగానికి దీపాల వాలు మార్చి ఇంకోసారి తీసి రెంటినీ కలపవచ్చు. ఫైలు నాణ్యత తగ్గని టిఫ్ రూపంలో దాచండి. జేపెగ్ పంచుకోవడానికి మాత్రమే. ఊడివచ్చిన మూల ముక్కలుంటే చిన్న కాగితపు కవరులో వేసి, ఫొటోతో పాటే ఉంచండి.

గాజుకు అతుక్కున్న అసలు ఫొటోను విడదీయడం పాత ఫొటోలు బాగుచేయడంలో శిక్షణ పొందిన సంరక్షకుల పని. వాళ్ళ దగ్గరకు చేరేదాకా, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, బోర్లా కాకుండా వెల్లకిలా, పొడిగా ఉండే బీరువాలో పెట్టండి.

ఇంకా అతుక్కోని ఫొటోలు మీ ఇంట్లో తప్పకుండా ఉంటాయి, వాటి గురించి రెండు మాటలు. గాజుకూ ఫొటోకూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. కిటికీలా కోసిన ఆమ్లరహిత అట్ట పెట్టమని ఫ్రేములవాళ్ళను అడగండి. ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు ముక్కలు అంటిస్తే గోడకూ దానికీ మధ్య గాలి ఆడుతుంది. వానాకాలంలో చెమ్మగిల్లే బయటి గోడకు ఫొటోలు తగిలించకండి. ఇక పూజగది: దీపపు మసి, సాంబ్రాణి పొగ, తడిపూల దండ, గాజు మీద పెట్టిన కుంకుమ, గంధం, ఇవన్నీ అంచుల నుంచి లోపలికి చేరతాయి. పెద్దవాళ్ళకు దండ వేయడం మానేయమని మేం ఎప్పటికీ అనం. దండ వేసేది నకలుకు వేయండి. అసలు బీరువాలో ఉండనివ్వండి.

బీరువాలో కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరి ఫొటోలకు మంచిది కాదు. సిల్వర్‌ఫిష్ పురుగులు జెలటిన్, గంజి జిగురు తింటాయి కాబట్టి అట్టపెట్టె కింద, మూలల్లో నెలకోసారి చూసుకోవడమే దారి. పీవీసీ కవర్ల ఆల్బములు, జిగురు పేజీల ఆల్బములు వద్దు. పాలిస్టరు కవర్లు మంచివి. లామినేషను అసలే వద్దు, అది ఇక ఊడిరాదు.

ప్రశ్న: మూతపడ్డ ఒక స్టూడియో వారి నుంచి గాజు నెగెటివ్‌లు సుమారు నలభై వచ్చాయి. పాత వార్తాపత్రికల్లో చుట్టి ఉన్నాయి. కడగవచ్చా?
(సుల్తాన్ బజార్ నుంచి)

జవాబు: కడగకండి. పలకను వాలుగా పట్టి చూస్తే ఒక పక్క మెరుస్తుంది, ఒక పక్క మసకగా ఉంటుంది. మసక పక్కే బొమ్మ. మనిషి పలక అయితే ముఖం దగ్గర భూతద్దం పెట్టండి. బుగ్గల మీద, కళ్ళ కింద సన్నని పెన్సిలు గీతలు కనిపిస్తాయి. ముడతలు, మచ్చలు పోవడానికి దిద్దేవాడు చేతితో గీసినవి అవి. కొన్నిట్లో వెనక భాగమంతా ఎర్రరంగో, నల్లరంగో పూసి ఉంటుంది, మనిషి ఒక్కడే తెల్లని నేపథ్యం మీద రావడానికి. దుమ్మనుకుని తుడిస్తే ఆ పనితనమంతా పోతుంది.

నైట్రైల్ చేతితొడుగులు వేసుకుని అంచులు మాత్రమే పట్టుకోండి. నూలు తొడుగులతో గాజు జారుతుంది. వార్తాపత్రికలు తీసేసే ముందు వాటి మీది తేదీ, ఏదైనా పేరు రాసి ఉంటే అదీ రాసుకోండి, ఆ కాగితమే ఒక్కోసారి ఏకైక ఆధారం. ఒక్కో పలకను నాలుగు రెక్కల ఆమ్లరహిత కాగితపు కవరులో పెట్టి, పొడవు అంచు కింద ఉండేలా పెట్టెలో నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది పలకలు పగులుతాయి. ఒక్కో పెట్టెకు ఒక మనిషి తేలిగ్గా ఎత్తగలిగినంతే. పగిలినవాటికి టేపు వేయకుండా, ముక్కలను వేర్వేరుగా అట్టల మధ్య పడుకోబెట్టండి. పొర లేచి పెచ్చులూడుతున్న పలకను బొమ్మ పక్క పైకి ఉండేలా వదిలేసి, ముందు దాన్నే ఫొటో తీయండి.

చూడడానికి ట్యాబ్లెట్ తెర మీద తెల్లని పేజీ తెరిచి, పలకను తెరకు కాస్త ఎత్తులో ఆనించండి. మెరిసే పక్క మీ వైపు ఉండాలి, అప్పుడే కుడి ఎడమలు సరిగ్గా వస్తాయి. ఫోనుతో తీసి రంగులు తిరగేస్తే మనుషులు కనిపిస్తారు. ఒకే స్టూడియోవి నలభై పలకలు కాబట్టి మీ చేతికి దొరికింది చాలా అరుదైనది: ఏ కుర్చీ, ఏ గొడుగు, ఏ రేడియో ఎందరి ఫొటోల్లో ఉందో లెక్క రాయవచ్చు. పైన చిక్కడపల్లి పాఠకురాలి లాంటివారికి కావలసిన రుజువు అలాంటి లెక్కల్లోనే దొరుకుతుంది. దయచేసి విడివిడిగా అమ్మకండి.

ప్రశ్న: పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళ పాత ఫొటోలు హైదరాబాదులో ఎలా తీశారు?
(శాలిబండ నుంచి)

జవాబు: ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో ఇక్కడ ఆడవాళ్ళ కోసమే ఒక జనానా స్టూడియో పెట్టించారు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. ఫొటో తీసేది కూడా ఆడవాళ్ళే కావడంతో పరదాకు భంగం లేదు. ఆ కాలపు దర్బారు మనుషులు ఎలా కూర్చున్నారో, చేతులు ఎక్కడ ఆనించారో చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌లో గోడల మీది ఫొటోలు తీరిగ్గా చూడండి. శుక్రవారం సెలవు.

ప్రశ్న: మా తాతగారికి ఎనభై దాటాయి. పాత పద్ధతిలో, చేతిలో ఏదైనా పట్టుకున్నట్టు ఒక మంచి ఫొటో తీయాలని ఉంది. డిజిటల్ కెమెరా, ట్రైపాడ్ ఉన్నాయి.
(రామ్‌నగర్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: చాలా మంచి పని, వాయిదా వేయకండి. ఉత్తరం వైపు కిటికీ ఉంటే పొద్దంతా పనికొస్తుంది. తూర్పు కిటికీ అయితే మధ్యాహ్నం. నేరుగా ఎండ పడకూడదు. గదిలో దీపాలన్నీ ఆర్పండి, ముఖ్యంగా పసుపు వెలుగువి. తాతగారిని కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా, చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. రెండో పక్క తెల్లపంచె ఒకటి ఆరవేసినట్టు కట్టండి, నీడ పక్క ముఖం మరీ నల్లబడకుండా ఉంటుంది. తల వెనక ఆనడానికి ఎత్తైన వీపున్న కుర్చీ కానీ, గోడకు ఆనించిన దిండు కానీ ఉండాలి.

85 మిల్లీమీటర్ల దగ్గరి లెన్సు, కెమెరా ఆయన ఛాతీ ఎత్తులో. ఐఎస్‌ఓ 100, ఎపర్చరు ఎఫ్ 8, లెన్సు ముందు వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు. మామూలు కిటికీ వెలుతురులో షట్టరు 4 సెకన్ల దగ్గర తేలుతుంది. సగం ఊపిరి వదిలి ఆపమనండి. నాలుగు సెకన్లలో రెప్ప ఒకటి రెండుసార్లు వాలినా బొమ్మలో పడదు, తల కదిలితే పడుతుంది. నవ్వును అంతసేపు నిలపడం కష్టం. ముఖం దానంతట అదే నెమ్మదిస్తుంది, పాత ఫొటోల్లోని ఆ గంభీరం చాలావరకు అలా వచ్చిందే. ఆయనకు ఊపిరాడనట్టు ఉంటే ఫిల్టరు తీసేసి అర సెకనులో ముగించండి, ఫొటో కన్నా ఆయన సుఖం ముఖ్యం.

వస్తువును ముఖానికి దగ్గర వరుసలో, ఒంటికి ఆనించి పట్టుకోమనండి. చెయ్యి ఒక అడుగు ముందుకు వస్తే అది ముఖం కన్నా పెద్దదిగా, మసకగా పడుతుంది. మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనాలి. ఇత్తడి, స్టీలు వస్తువైతే కిటికీ మెరుపు పోయేదాకా కొద్దికొద్దిగా తిప్పండి. కళ్ళజోడుకూ అంతే.

కంప్యూటరులో నలుపు తెలుపు చేసేటప్పుడు, ఏ రంగు ఎంత పడాలో నిర్ణయించే ఛానెల్ మిక్సరులో ఎరుపు 0, ఆకుపచ్చ 0, నీలం 100 పెట్టండి. పాత పలక చూపు అదే. చర్మం ముదురుగా, మచ్చలు, ముడతలు స్పష్టంగా వస్తాయి. మరీ ఎక్కువనిపిస్తే ఆకుపచ్చ 30, నీలం 70కి మార్చండి. నీలం ఛానెల్‌లో గింజలు ఎక్కువ కాబట్టి వెలుతురు తక్కువ కాకుండా తీయండి. ఎర్రటి అట్ట పుస్తకమిస్తే నల్లముద్దలా పడుతుందని ముందే గుర్తుంచుకోండి.

ఏం పట్టుకోవాలో మీరు నిర్ణయించకండి. ఆయననే అడగండి. కొలబద్ద తెస్తారో, పొలం పాసుబుక్కు తెస్తారో, పక్కనున్న మరచెంబే చాలంటారో, అది ఆయన ఇష్టం. పట్టుకునే తీరు కూడా సరిచేయవద్దు, అలవాటైన వస్తువును చెయ్యి తన పద్ధతిలోనే పట్టుకుంటుంది. ఎందుకు ఎంచుకున్నారో ఆయన మాటల్లోనే ఫోనులో రికార్డు చేయండి. ప్రింటు వెనక అంచున మెత్తటి పెన్సిలుతో, గాజుబల్ల మీద పెట్టి, నొక్కకుండా రాయండి: పేరు, తేదీ, ఊరు, చేతిలో ఉన్నది ఏమిటి, అది ఎవరిది. ప్లాస్టిక్ పూతున్న కాగితం మీద పెన్సిలు పడదు. దానికి ఆమ్లం లేని కవరు మీద రాసి, ఫొటోను అందులో పెట్టండి. బాల్‌పెన్ను వద్దు, వెనక గీత ముందుకు ఉబ్బుతుంది.